దూదిపిల్ల

మహాదేవి మిద్దె మీది నుంచి పడిన ఆదివారం పొద్దున, అందరికంటే ముందు ఆ పిల్ల దగ్గరికి చేరింది చందన. పంపు కింద బిందె పెట్టి నిలబడి ఉండగా, పక్క సందులో మూట జారిపడినట్టు చప్పుడైంది. మలుపు తిరిగి చూసేసరికి హులిగమ్మ ఇంటి ముందు మట్టిలో ఏడేళ్ళ మహాదేవి పక్కకు ఒరిగి పడి ఉంది. ఎడమకాలు తొడ దగ్గర వంగకూడని వైపు వంగి ఉంది. పిల్ల ఏడవడం లేదు. కళ్ళు తెరుచుకుని చందననే చూస్తోంది. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ, గొంతు దగ్గర ముడి.

ఆ గుడ్డ ఎందుకు కట్టుకుందో చందనకు చూడగానే అర్థమైంది.

ఇంట్లో గిన్నె కిందపెట్టిన చప్పుడు వినబడింది. హులిగమ్మ బయటికి రావడానికి ఇంకా రెండు మూడు క్షణాలు ఉన్నాయి. ఆ కాస్త సమయంలో తను చేసిన పనిని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, కావాలనే చేసిందో, చేతులే చేసేశాయో ఆమెకు తేలలేదు. ముడి విప్పింది. గుడ్డను పిల్ల మెడ కింది నుంచి లాగి, ఉండచుట్టి తన చున్నీ కింద దాచుకుంది. ఆ తర్వాతే "హులిగమ్మత్తా" అని కేక వేసింది.

హులిగమ్మ బొరుగుల ఉగ్గాని కలుపుతున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మిద్దె పైనుంచి అవ్వ ఉచ్చీరమ్మ ముఖం కనబడింది. హులిగమ్మకు అత్త ఆమె. పైన మిరపకాయలు ఆరబోసుకుంటూ మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుంది. పొద్దుటి ఎండ వెచ్చగా తగిలి కన్ను మూతపడింది. ఆ కునుకు గురించే ఆ తర్వాత మూడు రోజులు వీధంతా మాట్లాడుకుంది. ఎమ్మిగనూరులో కట్టు కట్టి, ఎముకల డాక్టరు ఉన్నాడని ఆదోనికి పంపారు. ఆటో కదిలేటప్పుడు కూడా మహాదేవి చందన వైపే చూసింది. పెదాలు గట్టిగా బిగించుకుని ఉంది.

ఎందుకు బిగించుకుందో చందనకు తెలుసు.

చందనకు పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం. నాన్న వీరభద్రప్ప ఇంట్లోనే గుంట మగ్గం నేస్తాడు. అమ్మ నీలమ్మ దారం కండెలు చుడుతుంది. క్లాసులో చందన ఎప్పుడూ మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చెవులు ఎర్రబడేవి. అలాంటి పిల్లను సినిమాలో పెట్టాలని రెండో సంవత్సరం జగదీష్‌కు ఎందుకు తోచిందో గానీ, ముఖానికి ముసుగు ఉంటుందని చెప్పగానే ఆమె ఒప్పుకుంది.

సినిమా పేరు 'దూదిపిల్ల'. తొమ్మిది నిమిషాలు. జగదీష్ ఫోనుతోనే తీశాడు. ఆదోని పత్తి మిల్లులో ఊడ్చే అమ్మాయి ఒకరోజు గాలిలో లేచిన దూదిని పీల్చుకుంటుంది. మర్నాటికి ఆమె ఒళ్ళు దూదంత తేలికైపోతుంది. గోడలు దాటుతుంది, మిద్దెల మీది నుంచి దూకి చప్పుడు లేకుండా కాలి వేళ్ళ మీద దిగుతుంది. బావిలో పడిన మేకపిల్లను పైకి తెస్తుంది. ఎవరైనా చూస్తే వేలు పెదాల మీద పెట్టి "ఈ గుట్టు ఎవురికీ సెప్పొద్దు" అంటుంది. నాన్న మగ్గం మీద మిగిలిన తెల్లగుడ్డ ముక్కలతో ముసుగు, భుజాల మీది గుడ్డ చందనే కుట్టుకుంది. కర్నూలులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పెట్టిన పోటీకి పంపాలని అనుకున్నారు.

దూకే సన్నివేశం జగదీష్ మేనమామ పొలం దగ్గర తీశారు. గోదాము గోడ పక్కనే ట్రాక్టరు ట్రాలీ నిండా పత్తి. చందన పదకొండుసార్లు గోడ ఎక్కింది, పదిసార్లు పత్తిలోకి దూకింది. జగదీష్ ట్రాలీ కనబడకుండా కోసేశాడు. ఆమె గాలిలో ఉన్న ముక్క పక్కన ఆకాశం, ఆకాశం పక్కన స్టూలు మీంచి దిగిన కాళ్ళు అతికించాడు. చూసినవాళ్ళు నిజంగా నోరు తెరిచారు. ఆ నలభై సెకన్ల ముక్క నాలుగు రోజుల్లో వీధిలోని ప్రతి ఫోనులోకీ వెళ్ళింది. ముసుగులో ఎవరున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

మహాదేవి ఒక్కతే కనిపెట్టింది. పంపు దగ్గర చందన చెయ్యి పట్టుకుని, మణికట్టు మీది కాలిన మచ్చను వేలితో తడిమి, "అక్కా, దూదిపిల్లవు నువ్వేనా" అని అడిగింది.

ఆ చూపు చందనను ఇంతకుముందు ఎవరూ చూడని చూపు. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అటూ ఇటూ చూసి, పెదాల మీద వేలు పెట్టింది. "ఎవురికీ సెప్పొద్దు" అంది.

అది శుక్రవారం సాయంత్రం. ఆదివారం పొద్దున పిల్ల మిద్దె మీది నుంచి దూకింది.

ఆ రోజు సాయంత్రం చందన జగదీష్‌ను కాలేజీ వెనక సందులో కలిసింది. గుడ్డ సంగతి చెప్పింది. జగదీష్ చెప్పుతో రాయిని పక్కకు తోశాడు.

"ఎవురన్నా సూసినారా?" అన్నాడు.

"లేదు."

"అయితే ఊరికే ఉండు. నా ఫోన్లోది తీసేస్తా. పిల్ల జారి పడిందని అందరూ అనుకుంటాండారు గదా. మనం సెప్పినంత మాత్రాన కాలు అతుక్కుంటాదా?"

"అవ్వను తిడ్తాండారు అన్నా."

"రెండు రోజులు తిడ్తారు. మర్సిపోతారు."

చందన ఇంటికొచ్చింది. గుడ్డ బట్టల పెట్టె అడుగున ఉంది. సోమవారం అన్నం సహించలేదు. మంగళవారం లెక్కల క్లాసులో సార్ ఏదో అడిగితే లేచి నిలబడి, ఏమడిగాడో తెలియక, మళ్ళీ కూర్చుంది. ఎవరైనా వాకిట్లోకి వస్తే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మహాదేవి చెప్పేసి ఉంటుందా? చెప్పేస్తే బాగుండునని ఒకసారి, చెప్పకపోతే బాగుండునని ఒకసారి అనిపించేది. పిల్ల మాత్రం నోరు విప్పలేదని నీలమ్మ ఫోనులో తెలుసుకుంది. "ఎట్ల పడినావే అంటే గోడకల్ల తిరుక్కుంటాదంట. బెదిరిపోయినట్టుంది" అని భర్తకు చెబుతుంటే చందన వంటింట్లో గోడకు ఆనుకుని వింది.

బుధవారం నీలమ్మ హులిగమ్మకు క్యారియరు కట్టింది. మగ్గం మీదున్న చీర ఆ రోజే దించాలి, వీరభద్రప్ప కదలడానికి లేదు. "నేను పోతా" అంది చందన. నీలమ్మ కూతురి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. క్యారియరు చేతికిచ్చింది.

ఆదోని ఆసుపత్రిలో పిల్లల వార్డు చివర కిటికీ పక్కన మహాదేవి మంచం. నడుము నుంచి ఎడమ పాదం దాకా పిండికట్టు. అంత తెల్లటి కట్టులో పిల్ల ఇంకా చిన్నదిగా కనబడింది. కట్టు ఆరు వారాలు ఉంచాలన్నారు. హులిగమ్మ క్యారియరు అందుకుని, వరండా వైపు చెయ్యి చూపింది. ఉచ్చీరమ్మ అక్కడ స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఆమెకు గూడా పెట్టు, తింటే. మూడు దినాలాయ, నీళ్ళు తప్ప ముట్టలేదు. నేనూ రా తినమని అడగల్యా." హులిగమ్మ క్యారియరు మూత సరిచేసింది. "సాయంత్రానికి ఆయన దిగుతాడు బెంగుళూరు నుంచి. సుగ్గికని కూలికి పోయి నెల గూడా కాలేదు. వచ్చినెంటనే అమ్మను కోడుమూరులో చెల్లెలింటికి పంపిస్తానంటాండాడు. పిల్లను సూసుకోలేని మనిషి నా ఇంట్లో వద్దంటాండాడు."

చందన తలూపింది. 

హులిగమ్మ ఎక్స్‌రే కాగితం కోసం వెళ్ళాక మహాదేవి చేత్తో సైగ చేసింది. చందన మంచం మీదికి వంగింది.

"నేను ఎవురికీ సెప్పల్యా అక్కా" అంది పిల్ల గుసగుసగా. దాని కళ్ళు మెరుస్తున్నాయి. "సూది ఏసినప్పుడు గూడా సెప్పల్యా."

చందన మంచం పట్టీని పట్టుకుంది.

"రెండు పూటలు అన్నం తినకుండా ఉన్నా, తేలిగ్గా అయితానని. అవ్వకు తెలీకుండా ముద్దలు కోళ్ళకేసినా. అయినా బరువు తగ్గల్యా నేను. మా బడిలో ఉష నాకంటే బక్కగుంటాది. ఉషకైతే వస్తాది."

"ఉషకు ఏమొస్తాది?"

"ఎగరడం. ఈ పొద్దు బడి ఇడిసినాంక ఆ సగం కట్టి నిలబెట్టిన మిద్దె ఉంది సూడు, ఆడ్నుంచి. శనివారమే అనుకున్యాం. ముందు ఆదివారం నేను, బుధవారం ఉష."

గోడ గడియారంలో మూడుంబావు. బడి నాలుగింటికి వదులుతారు. ఎమ్మిగనూరుకు బస్సులో గంట. ఆ మిద్దె రెండంతస్తులు, పిట్టగోడ లేదు, కింద కంకర కుప్ప.

చందన వరండాలోకి పరుగెత్తి అమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మగ్గం చప్పుడులో అది ఎవరికీ వినబడదు. మళ్ళీ చేసింది. తర్వాత జగదీష్‌కు చేసింది. ఎత్తాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే అతనికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

"నేను పోతా, ఇప్పుడే పోతా" అన్నాడు. 

ఫోను దించేసరికి ఎదురుగా హులిగమ్మ, చేతిలో కాగితం. స్తంభం దగ్గర ఉచ్చీరమ్మ తలెత్తి చూస్తోంది. ఊళ్ళో పని పడిందని చెప్పి పరుగెత్తి బస్సెక్కవచ్చు. ఉషను దించాక తర్వాతి సంగతి చూసుకోవచ్చు. చందన రెండడుగులు వేసింది కూడా. సాయంత్రం బస్సు దిగి అవ్వను పంపించేయబోయే మహాదేవి నాన్న రామన్న గుర్తుకొచ్చాడు. ఆగిపోయింది.

"అత్తా, మహాదేవి జారి పడలేదు. దూకింది. ఆ ఫోన్లో దూదిపిల్లను నేనే. నేను నిజంగానే ఎగురుతానని నమ్మింది. ఎవురికీ సెప్పొద్దన్నా, అందుకే సెప్పలేదు. మెడకు గుడ్డ కట్టుకుని ఉంటే నేనే ఇప్పి దాసిపెట్టినా. అవ్వ తప్పు లేదు. ఇప్పుడు ఉష దూకబోతాంది, నేను పోవాల."

హులిగమ్మ ఆమె వైపు చూస్తూ నిలబడింది. అర్థమవుతున్నకొద్దీ ముఖంలో రంగు పోయింది.

"గుడ్డ యాడుంది?" అంది.

"మా ఇంట్లో. పెట్టెలో."

హులిగమ్మ చెయ్యి లేచింది. చందన కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ చేతిలోని ఎక్స్‌రే కాగితం నలిగిపోయి ఉంది.

"పో. ముందు ఆ పిల్లను దించు. నీ సంగతి తర్వాత సూస్తా."

బస్సు దొరికింది గానీ కదలలేదు. కదిలాక మార్కెట్ దారిలో పత్తి ట్రాక్టర్ల వెనక ఇరుక్కుంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ముందు ట్రాలీలోంచి పత్తి రేకలు లేచి కిటికీల్లోంచి లోపలికి వచ్చాయి. ఒకటి చందన మోకాలి మీద పడితే పురుగును దులిపినట్టు దులిపేసింది. ఊరు దాటాక పొలాల్లో మిరప కళ్ళాలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి. నాలుగైంది. నాలుగూ పదైంది. అరచేతుల చెమటకు ఫోను జారుతోంది. పక్కన కూర్చున్న పెద్దామె "ఏం పాపా, ఒంట్లో బాగల్యాదా" అని అడిగింది. చందన బాగానే ఉందన్నట్టు తలూపింది.

నాలుగూ పదిహేనుకు జగదీష్ చేశాడు.

"ఎక్కేసినాది. నేను బడి ముందర కాస్తే ఎనక గేటు నుంచి పోయినాదంట, నేను వచ్చేటప్పటికే పైనుంది. కింద నలుగురు పిల్లోళ్ళు చప్పట్లు కొడ్తాండారు. నేను మెట్లెక్కబోతే దూకుతానంటాంది."

"ఎక్కొద్దు అన్నా. పెద్దోళ్ళు ఉండారా?"

"వాళ్ళ నాయన జయన్న వచ్చినాడు. జంపఖానా తెప్పించి నలుగురు పట్టుకున్యారు. ఆయన అరుస్తాండాడు. అరిసేకొద్దీ ఆ పిల్ల అంచుకు వస్తాంది."

చందన కళ్ళ ముందు ఆ అంచు కనబడింది. బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు కనబడ్డాయి.

"అరవొద్దని సెప్పు. నువ్వు పైకి సూసి, దూదిపిల్ల వస్తాందని సెప్పు. ఆమె వచ్చేదాకా కూసోవాలంటని సెప్పు. నిలబడొద్దంట, కూసోవాలంట."

"ఇంగా అదే అబద్ధం సెప్పమంటావా?"

"అబద్ధం కాదు గదా. నేను వస్తాండాను."

అటువైపు అతను గొంతెత్తి ఏదో అన్నాడు. గాలి చప్పుడు. ఎవరో పిల్లవాడి నవ్వు. 

"కూసున్యాది" అన్నాడు జగదీష్.

ఆ తర్వాతి పాతిక నిమిషాలు చందన ఫోను చెవికి ఆనించుకునే ఉంది. రెండుసార్లు సిగ్నల్ పోయింది. పోయిన ప్రతిసారీ మళ్ళీ కలిసేదాకా నంబరు నొక్కుతూనే ఉంది. తన ఊరు ఇంత దూరమని ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

బస్సు పూర్తిగా ఆగకముందే దిగి పరుగెత్తింది. ఆ మిద్దె చుట్టూ యాభైమంది ఉన్నారు. నలుగురు జంపఖానా మూలలు లాగిపట్టుకుని పైకి చూస్తున్నారు. వాళ్ళలో వీరభద్రప్ప ఉన్నాడు. మగ్గం గుంటలోంచి అలాగే లేచి వచ్చినట్టు లుంగీ మీద దారపు ముక్కలున్నాయి. చందన తండ్రి ముఖం చూడకుండా మెట్లెక్కింది.

గచ్చు చేయని మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. పైకి వెళ్ళేసరికి ఉష అంచు మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని ఉంది. బడి లంగా, మెడకు తెల్ల తువ్వాలు. ఎనిమిదేళ్ళ పిల్ల. తలమాత్రం వెనక్కి తిప్పింది.

"నువ్వు చందనక్కవి" అంది నిరాశగా.

"అవును. దూదిపిల్లను గూడా నేనే." చందన నాలుగు బారల దూరంలో ఆగి, కూర్చుంది.  చెయ్యి చాపి మణికట్టు చూపింది. "ఈ మచ్చ సూడు. ఫోన్లో గూడా ఉంటాది."

ఉష కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే ఎగురు. ఇద్దరం కలిసి ఎగురుదాం."

కింద జనం గుసగుసలు ఆగిపోయాయి. ఇప్పుడు కాదంటే దూకుతుందేమో. అవునంటే తప్పకుండా దూకుతుంది. చందన కంకర వైపు చూడకుండా పిల్ల ముఖమే చూస్తూ ఫోను తీసింది.

"నేను ఎట్ల ఎగిరినానో నా కాడ ఉంది. ఎవురికీ సూపించనిది. సూస్తావా?"

"ఈడికి తీసుకురా."

"ఆడ ఎండ పడి కనపడదు. నువ్వే ఈడికి రా."

ఉష ఆలోచించింది. ఒక కాలు పైకి తీసుకుంది. రెండో కాలు తీసుకునేటప్పుడు అంచు మీది ఇసుక కొద్దిగా రాలి కింద జంపఖానా మీద పడింది. ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. చందన కదల్లేదు. పిల్ల మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి పక్కన కూర్చుంది. చందన ఉష మణికట్టు అందుకుంది. పట్టుకున్నాక ఇక వదిలిపెట్టలేదు.

కోతలు లేని ముక్కలు అవి, తీసిన రోజే జగదీష్ పంపినవి. మొదటిసారి చందన గోడ మీద నిలబడి భయంతో దిగిపోతుంది. రెండోసారి దూకి పత్తిలో నడుందాకా కూరుకుపోతుంది. నాలుగోసారి బోర్లా పడి, లేచేసరికి నోట్లో పత్తి. ఉమ్ముతుంటే జగదీష్ నవ్వు వినబడుతుంది. ఉష కూడా నవ్వింది. తర్వాతిది చూసింది. దాని తర్వాతిదీ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"కింద ట్రాక్టరుందా?"

"ఉంది. దాన్ని కోసేసినాం."

"నీకు ఎగరడం రాదా?"

"రాదు. ఎవురికీ రాదు. మహాదేవికి నేను ఆ మాట సెప్పల్యా. అందుకే దాని కాలు ఇరిగినాది."

ఉష ఆ ఫోనును పక్కకు తోసింది. తర్వాత ఏడుపు మొదలైంది. భయంతో వచ్చిన ఏడుపు కాదు అది. మోసపోయిన పిల్ల ఏడుపు. ఖాళీగా ఉన్న చేత్తో చందన భుజం మీద కొట్టింది. చందన కొట్టనిచ్చింది. జయన్న పైకి వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాక, చందన అక్కడే అంచుకు దూరంగా వాంతి చేసుకుంది.

ఆ సాయంత్రం పొద్దు గూకకముందే, ఆ మిద్దె ముందరే, జగదీష్ చందన ఫోనులోని ఆ పదకొండు ముక్కలూ వీధి పిల్లలందరికీ చూపించాడు. పెద్దవాళ్ళు వెనక నిలబడి చూశారు. ఎవరో తిట్టారు, ఎవరో నవ్వారు. చందన ముసుగు లేకుండా ముందు నిలబడి, గుడ్డ దాచిన సంగతితో సహా అంతా చెప్పింది.  ఇంటికి వెళ్ళాక వీరభద్రప్ప మగ్గం దగ్గర కూర్చున్నాడు గానీ దారం తోసే నాడె ముట్టుకోలేదు.

"మొదటి రోజే సెప్పుంటే ఏం చేసేవాణ్ణి అనుకున్యావు?" అని అడిగాడు.

"తిడ్తావనుకున్యా."

"తిట్టేవాణ్ణే" అన్నాడు. "తిట్టి, నీ ఎంబడి వచ్చేవాణ్ణి."

మర్నాడు పొద్దున ఇద్దరూ క్యారియరు తీసుకుని ఆదోని వెళ్ళారు. వరండాలో రామన్న కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, గోళ్ళల్లో ఇంకా సిమెంటు. హులిగమ్మ అంతా చెప్పి ఉంటుంది. చందనను చూసి లేవలేదు. ఆమె చెప్పాలనుకుని బస్సులో కూర్చుకున్న మాటలన్నీ చెప్పింది. అతను నేల చూస్తూ విన్నాడు.

"ఫోన్లో మా అమ్మను నేను ఎన్నెన్ని మాటలంటినో నీకు తెలుసునా?" అన్నాడు. "అవి యాడికి పోవాల ఇప్పుడు?"

  స్తంభం దగ్గరి నుంచి ఉచ్చీరమ్మే అంది:

"నేను కునుకు తీసింది మాత్రం నిజమే గదరా. ఊరికే ఆ పిల్లనొక్కదాన్నే నిలబెట్టి అడగొద్దు." తర్వాత కోడలి వైపు తిరిగి, "ఆ క్యారియర్లో ఏమన్నా ఉందా?" అంది.

హులిగమ్మ లేచి ఆమెకు పెట్టింది. రామన్న ఆ మధ్యాహ్నమంతా చందనతో మళ్ళీ మాట్లాడలేదు. అవ్వను కోడుమూరు పంపే మాట కూడా ఎత్తలేదు.

మహాదేవి మాత్రం చందన మంచం దగ్గరికి రాగానే గోడవైపు తిరిగింది. కట్టు వల్ల నడుము తిరగదు, మెడ ఒక్కటే తిరిగింది.

"నువ్వు సెప్పొద్దన్నావు" అంది. "నేను సెప్పల్యా. నువ్వే సెప్పేసినావు."

పోటీకి సినిమా వెళ్ళలేదు. జగదీష్‌కు ఆ సంగతి చాలా రోజులు మనసులో ఉండిపోయింది. కాలేజీలో ఎదురుపడితే తలూపేవాడు, ఆగేవాడు కాదు. ఎవరూ అడగకుండానే, కోతలు లేని ముక్కల్ని వరసగా అతికించి, వీధి ఫోన్లన్నిటికీ తనే పంపాడు.

పది రోజులకు మహాదేవిని ఇంటికి తెచ్చారు. చందన కాలేజీ నుంచి వస్తూ రోజూ ఆ ఇంటికి వెళ్ళేది. మొదటి రోజు హులిగమ్మ వాకిట్లోనే నిలబెట్టింది. రెండో రోజు లోపలికి రానిచ్చింది. బడిలో చెప్పిన పాఠాలు ఉషను అడిగి తెలుసుకుని, చందన మంచం పక్కన కూర్చుని చదివి వినిపించేది. మహాదేవి వినేది, ఒక్క మాట అనేది కాదు. అయిదు మూళ్ళు ఎంత అని ఎక్కం అడిగితే గోడకు జవాబు చెప్పేది. మధ్యలో కాలు నొప్పి పెట్టి పళ్ళు బిగిస్తే, చందనకు పుస్తకంలో అక్షరాలు కనబడేవి కావు. ఎముక వంకరగా అతుక్కుంటుందేమోనన్న భయం ఇంటికి వెళ్ళినా వదిలేది కాదు. నాలుగో వారం తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరు సరిగ్గానే వస్తోందన్నాడు. నడిచాక గానీ పూర్తిగా చెప్పలేనన్నాడు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు, సాయంత్రం, చందన ఆరో ఎక్కం చెప్పిస్తోంది. ఉచ్చీరమ్మ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మహాదేవి ఉన్నట్టుండి ఆగిపోయింది. ముఖం చిట్లించింది.

"అక్కా" అంది గోడవైపు చూస్తూనే. "లోపల దురద పెడ్తాంది."

కట్టు లోపలికి పుల్ల గానీ సూది గానీ దూర్చవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చందన నోటుపుస్తకం అట్ట చింపి, కట్టు అంచు దగ్గర పట్టుకుని లోపలికి గాలి వెళ్ళేలా విసరడం మొదలుపెట్టింది.

"ఈడనా?"

"ఇంగొంచెం కిందికి."

చందన మంచానికి ఇంకా దగ్గరగా జరిగి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ, ఆడ" అంది మహాదేవి. "ఆపొద్దు."